ల్యాప్‌టాప్ మాటిమాటికీ హ్యాంగ్ అవుతుంటే: ఫార్మాట్‌కు ముందు చేసుకోవలసిన పరీక్షలు

ల్యాప్‌టాప్ హ్యాంగ్ అవుతోందని ఎవరితో చెప్పుకున్నా మొదట వినిపించే సలహా ఫార్మాట్ కొట్టించమనే. అది కొన్నిసార్లు ఫలిస్తుంది కాబట్టే అంత ప్రచారంలో ఉంది. అయితే తప్పు విండోస్‌లో కాక హార్డ్‌డిస్క్‌లోనో, ర్యామ్‌లోనో, దుమ్ము పట్టిన ఫ్యాన్‌లోనో ఉన్నప్పుడు, ఫార్మాట్ చేసిన వారం పది రోజులు అంతా బాగున్నట్టే కనిపించి, తరువాత జబ్బు మళ్లీ తిరగబెడుతుంది. ఈలోగా దాచుకున్న ఫొటోలూ ఫైళ్లూ పోయి ఉంటాయి. నా పాత ల్యాప్‌టాప్‌కు ఒక దుకాణంలో రెండుసార్లు ఫార్మాట్ చేసి రెండుసార్లు డబ్బు తీసుకున్న తరువాత గాని, హార్డ్‌డిస్క్ చెడిపోయిందన్న సంగతి బయటపడలేదు. అందుకే ఈ వ్యాసంలో ఫార్మాట్ చిట్టచివర వస్తుంది. ఇక్కడ చెప్పేవన్నీ విండోస్ 10, 11 ఉన్న ల్యాప్‌టాప్‌లకు వర్తించేవి.

ముందు ఏ రకం హ్యాంగో తెలుసుకోవాలి

హ్యాంగ్ అన్న ఒక్క మాట కింద నాలుగైదు వేర్వేరు జబ్బులను కలిపి చెప్పుకుంటాం. వాటిని విడదీసి చూడవలసింది తెర బిగుసుకుపోయిన ఆ రెండు మూడు నిమిషాలలోనే. కాబట్టి వెంటనే పవర్ బటన్ మీదికి చెయ్యి పోనివ్వకూడదు. ముందుగా క్యాప్స్ లాక్ నొక్కి, దాని దీపం వెలిగి ఆరుతున్నదో లేదో చూడాలి. దీపం మారుతున్నదంటే లోపల విండోస్ ఇంకా కీబోర్డు మాట వింటున్నదని అర్థం. అప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకోవచ్చు. అందులో స్పందించని ప్రోగ్రామ్‌ను ఎంచుకుని ఎండ్ టాస్క్ ఇస్తే, తక్కినవి యథాప్రకారం నడుస్తాయి. ఇటువంటిది ఆ ఒక్క ప్రోగ్రామ్ జబ్బే కాని ల్యాప్‌టాప్ జబ్బు కాదు.

దీపం మారుతూ, పాట కూడా వినిపిస్తూ, తెర మాత్రం కదలకపోతే అనుమానం గ్రాఫిక్స్ డ్రైవర్ మీదికి, అంటే తెర మీది బొమ్మను నడిపే సాఫ్ట్‌వేర్ మీదికి పోవాలి. విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి అనే నాలుగు మీటలను ఒకేసారి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ ఒక్కటే తిరిగి మొదలవుతుంది. తెర ఒక్క క్షణం నల్లబడి మళ్లీ వెలుగుతుంది. తెరిచి ఉన్న పనికి దీనివల్ల నష్టం ఉండదు. ఇలా తేరుకున్నదంటే దోషి ఎవరో సగం తెలిసినట్టే.

అరనిమిషమో నిమిషమో బిగుసుకుని, దానంతటదే విడిపోయి, అంతవరకు నొక్కినవన్నీ ఒక్కసారిగా జరిగిపోతే, అది చాలావరకు డిస్క్ ఆలస్యం. దీపం కూడా మారకుండా, స్పీకర్‌లో ఒకే శబ్దం జీరగా సాగుతూ నిలిచిపోతే, తప్పు మరింత లోతున, అంటే ర్యామ్‌లోనో, వేడిలోనో, మదర్‌బోర్డులోనో, ఏదైనా డ్రైవర్‌లోనో ఉందని అనుకోవాలి. ఇక పాయింటర్ ఒక్కటే కదలక తక్కినదంతా నడుస్తుంటే, ముందు ఒక యూఎస్‌బీ మౌస్ పెట్టి చూడండి. కీబోర్డు పై వరుసలో టచ్‌ప్యాడ్‌ను ఆపే మీట ఒకటి చాలా ల్యాప్‌టాప్‌లకు ఉంటుంది. పొరపాటున అది తగిలి, దుకాణం దాకా వెళ్లి వచ్చినవాళ్లూ ఉన్నారు.

ఏదీ పనిచేయనప్పుడే పవర్ బటన్‌ను 10 నుంచి 15 సెకన్లపాటు నొక్కి పట్టుకుని ఆపాలి. ఆ తరువాత ఒక కాగితం మీద తేదీ, సమయం, ఆ వేళకు చార్జర్ పెట్టి ఉందా లేదా, ఏ ప్రోగ్రామ్ నడుస్తోంది, ఫ్యాన్ హోరుమంటోందా, అడుగు భాగం చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉందా అన్నవి రాసుకోవాలి. నాలుగైదు సార్లు రాసేసరికి ఏదో ఒక పోలిక కనిపిస్తుంది: వీడియో చూసేటప్పుడే వస్తోందనో, ఆన్ చేసిన మొదటి పది నిమిషాలలోనే వస్తోందనో, చార్జర్ తీసినప్పుడు రావడం లేదనో. తరువాతి పరీక్షలలో దేనితో మొదలుపెట్టాలో ఈ కాగితమే చెబుతుంది.

విండోస్ తనంతట తాను రాసుకునే చిట్టా

మనం రాసుకోకపోయినా విండోస్ కొంత రాసి పెడుతుంది. స్టార్ట్ మెనూలో రిలయబిలిటీ అని టైపు చేస్తే వ్యూ రిలయబిలిటీ హిస్టరీ అనేది కనిపిస్తుంది. దాన్ని తెరిస్తే రోజువారీగా ఒక గ్రాఫు, దాని కింద ఎర్రటి గుర్తులు ఉంటాయి. హ్యాంగ్ అవడం ఏ రోజున మొదలైందో, దానికి ఒకటి రెండు రోజుల ముందు ఏ అప్‌డేట్, ఏ డ్రైవర్, ఏ ప్రోగ్రామ్ వచ్చి చేరిందో ఒక్క చూపులో తెలుస్తుంది.

ఇంకా వివరం కావాలంటే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్ కింద సిస్టమ్ అన్న భాగంలో హ్యాంగ్ అయిన సమయానికి అటూ ఇటూ చూడాలి. అక్కడ కెర్నల్ పవర్ 41 అన్న ఎర్ర గుర్తును చూసి చాలామంది కంగారుపడతారు. అది కారణం కాదు. కిందటిసారి సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని మాత్రమే దాని అర్థం; మీరు పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపినా అది పడుతుంది. దానికి ముందున్న వరుసలలో డిస్క్ పేరుతో 7 గాని 153 గాని ఉంటే డిస్క్ చదవడంలో చిక్కు వచ్చిందని, 129 ఉంటే డిస్క్ జవాబివ్వక విండోస్ దాన్ని రీసెట్ చేయవలసి వచ్చిందని, డిస్‌ప్లే పేరుతో 4101 ఉంటే గ్రాఫిక్స్ డ్రైవర్ స్పందించడం మానేసి తేరుకుందని గ్రహించాలి. వీయా లాగర్ (WHEA-Logger) పేరుతో ఎర్ర గుర్తులు ఉంటే ప్రాసెసర్, ర్యామ్, మదర్‌బోర్డు వంటి హార్డ్‌వేర్ వైపు చూడాలి. ఈ లాగ్‌లో మామూలుగానే పసుపు, ఎరుపు గుర్తులు చాలా ఉంటాయి కాబట్టి, హ్యాంగ్ అయిన నిమిషానికి సరిపోయే వాటినే లెక్కలోకి తీసుకోవాలి.

డిస్క్: అన్నిటికంటే ముందు అనుమానించవలసినది

ఐదారేళ్లు వాడిన ల్యాప్‌టాప్‌లో తిరిగే హార్డ్‌డిస్క్ ఉంటే, నేనైతే ఇక్కడి నుంచే మొదలుపెడతాను. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ భాగానికి వెళ్లి డిస్క్ మీద నొక్కితే అది తిరిగే హార్డ్‌డిస్కో, తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీనో అక్కడే రాసి ఉంటుంది. యాక్టివ్ టైమ్ 100 శాతం దగ్గర నిలిచి ఉండి, చదివే రాసే వేగం మాత్రం సెకనుకు ఒకటి రెండు ఎంబీలు కూడా లేకపోతే, పక్కనున్న యావరేజ్ రెస్పాన్స్ టైమ్ చూడాలి. తిరిగే డిస్క్‌కు అది పదుల మిల్లీసెకన్లలో ఉండడం సహజం. వేలలోకి పోతున్నదంటే డిస్క్ ఒకే చోటును చదవలేక మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తున్నదనే అనుమానించాలి. దగ్గరగా చెవి పెడితే టిక్కు టిక్కుమనే చప్పుడు వినిపిస్తే అనుమానం బలపడుతుంది.

ఈ దశలో చేయవలసిన మొదటి పని మరమ్మతు కాదు, బ్యాకప్. ముఖ్యమైన ఫైళ్లను మరొక డిస్క్‌లోకో, పెన్‌డ్రైవ్‌లోకో, క్లౌడ్‌లోకో ఎక్కించిన తరువాతే తక్కిన పరీక్షలు చేయాలి. విండోస్‌లోనే ఉండే చెక్ డిస్క్ పరీక్షను నడిపించమని చాలామంది చెబుతారు. కాని అందులో పాడైన సెక్టార్లను (డిస్క్‌లోని చిన్న చిన్న గడులను) వెదికే ఎంపిక డిస్క్ మొత్తాన్ని గంటల తరబడి చదివిస్తుంది. చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌ను అలా పరుగెత్తిస్తే, అప్పటిదాకా దొరికే ఫైళ్లు కూడా దొరకకుండా పోవచ్చు.

బ్యాకప్ అయ్యాక క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ఉచిత ప్రోగ్రామ్‌తో డిస్క్ తన గురించి తాను నమోదు చేసుకునే స్మార్ట్ వివరాలను చూడవచ్చు. తిరిగే డిస్క్‌లో 05, సీ5, సీ6 అన్న వరుసలు ముఖ్యం. మొదటిది పాడైపోగా బదులు చోటుకు మార్చిన సెక్టార్ల లెక్క, రెండవది చదవలేక పెండింగులో పెట్టిన సెక్టార్ల లెక్క, మూడవది సరిచేయలేకపోయిన వాటి లెక్క. ఈ మూడింటి ముడి విలువ సున్నా ఉండాలి. సున్నా కాకుండా వారం వారం పెరుగుతున్నదంటే ఆ డిస్క్‌ను మార్చవలసిందే. దాని స్థానంలో అదే పరిమాణంలో దొరికే రెండున్నర అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ సాధారణంగా సరిపోతుంది, పాత ల్యాప్‌టాప్‌కు ఇంతకంటే మంచి ఖర్చు మరొకటి లేదని నా అభిప్రాయం.

ఎస్‌ఎస్‌డీ ఉన్నవాళ్లు కూడా పూర్తిగా నిశ్చింతగా ఉండడానికి లేదు. సీ డ్రైవ్ నిండా నింపేస్తే ఎస్‌ఎస్‌డీ రాసే వేగం పడిపోతుంది. విండోస్‌కు తాత్కాలిక ఫైళ్లు పెట్టుకునే చోటు కూడా ఉండదు. ఐదింట ఒక వంతు ఖాళీగా ఉంచడం మంచి అలవాటు. ఇంతకు ముందు చెప్పిన 129 మాటిమాటికీ కనిపిస్తుంటే, కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ కింద, పీసీఐ ఎక్స్‌ప్రెస్ భాగంలో ఉండే లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్‌ను ఆఫ్ చేసి కొన్ని రోజులు చూడవచ్చు. ఎస్‌ఎస్‌డీ తయారీ సంస్థ ఫర్మ్‌వేర్ (డిస్క్ లోపలి ప్రోగ్రామ్) అప్‌డేట్ ఇచ్చిందేమో కూడా చూడాలి.

వేడి, ర్యామ్

ప్రాసెసర్ వేడెక్కితే తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. చాలా ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకు ఆ హద్దు 95 నుంచి 105 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. వేగం తగ్గినప్పుడు మనకు అది హ్యాంగ్‌లాగే కనిపిస్తుంది. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం గది వేడే 40 డిగ్రీలకు చేరువలో ఉన్నప్పుడు, ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టి గాలి రంధ్రాలను మూసేస్తే, ఫ్యాన్ లోపలికి లాక్కునేది ఆ వేడిగాలినే. గట్టి బల్ల మీద, వెనుక వైపు కాస్త ఎత్తు పెట్టి, హెచ్‌డబ్ల్యూఇన్ఫో వంటి ప్రోగ్రామ్‌తో ఉష్ణోగ్రత చూస్తూ పని చేయండి. పెద్ద పనేదీ లేకుండానే 85, 90 డిగ్రీలు దాటుతుంటే, ఫ్యాన్‌కూ రాగి గొట్టానికీ మధ్య ఉన్న రేకుల్లో దుమ్ము గడ్డకట్టిందని గాని, ప్రాసెసర్ వేడిని రాగి గొట్టానికి చేర్చే థర్మల్ పేస్టు ఎండిపోయిందని గాని అనుకోవచ్చు. విప్పడం అలవాటు లేనివాళ్లు ఈ పనిని మెకానిక్‌కే అప్పగించడం మేలు. అడుగు భాగం ఉబ్బినట్టుగా ఉన్నా, టచ్‌ప్యాడ్ పైకి లేచినా అది బ్యాటరీ ఉబ్బు. వెంటనే వాడకం ఆపి, చార్జింగ్ పెట్టకుండా బ్యాటరీ మార్పించుకోవాలి.

ర్యామ్ విషయంలో రెండు ప్రశ్నలు వేర్వేరుగా అడగాలి. చాలుతున్నదా అన్నది మొదటిది. విండోస్ 11కు కనీసం 4 జీబీ చాలునని మైక్రోసాఫ్ట్ చెప్పినా, బ్రౌజర్‌లో పదిహేను ట్యాబులు తెరిచేవారికి అది చాలదు. టాస్క్ మేనేజర్‌లో మెమరీ 90 శాతం దాటినప్పుడల్లా బిగుసుకుంటుంటే 8 జీబీకి గాని 16 జీబీకి గాని పెంచడమే మందు. చెడిపోయిందా అన్నది రెండవది. స్టార్ట్ మెనూలో విండోస్ మెమరీ డయాగ్నోస్టిక్ అని వెదికి నడిపిస్తే, ల్యాప్‌టాప్ రీస్టార్ట్ అయి పరీక్ష మొదలవుతుంది. ఎఫ్1 నొక్కి ఎక్స్‌టెండెడ్ ఎంచుకుని రాత్రంతా వదిలేయడం మంచిది. ఒక్క తప్పు కనిపించినా, రెండు ర్యామ్ ముక్కలు ఉంటే ఒక్కొక్కటే ఉంచి పరీక్షించాలి. విప్పే ముందు చార్జర్ తీయడం, వీలైతే బ్యాటరీ తీగను కూడా విడదీయడం మరవకూడదు.

డ్రైవర్లు, విండోస్

డిస్క్, వేడి, ర్యామ్ మూడూ నిర్దోషులని తేలాకే సాఫ్ట్‌వేర్ వంతు. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది: ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉన్నప్పుడు షట్‌డౌన్ ఇచ్చినా విండోస్ కెర్నల్ (దాని మూల భాగం), డ్రైవర్ల స్థితి డిస్క్‌లో దాచబడి, మర్నాడు అదే తిరిగి లేస్తుంది. రోజూ ఆపుతున్నాం కదా అనుకుంటాం గాని, నెలల తరబడి అది పూర్తిగా ఆగి ఉండదు. రీస్టార్ట్‌కు ఈ గొడవ లేదు. కాబట్టి ముందు రీస్టార్ట్ చేసి చూడండి. తేడా కనిపిస్తే పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్‌ను తీసేయండి.

తరువాత షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ మీదుగా, అత్యవసరమైన డ్రైవర్లతో మాత్రమే విండోస్ నడిచే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి గంటసేపు వాడాలి. అక్కడికి వెళ్లేటప్పుడు డిస్క్‌కు తాళం వేసి ఉంచే బిట్‌లాకర్ దాన్ని తీసే రికవరీ కీ అడగవచ్చు. అది సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది, ముందే చూసి రాసిపెట్టుకోవాలి. సేఫ్ మోడ్‌లో హ్యాంగ్ కాకపోతే తప్పు ఏదో డ్రైవర్‌లోనో, స్టార్టప్ ప్రోగ్రామ్‌లోనో ఉన్నట్టు. రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి ఉంటే ఒకటి తీసేయాలి. గ్రాఫిక్స్, వైఫై డ్రైవర్లను ల్యాప్‌టాప్ తయారీదారు సైటు నుంచే తెచ్చుకోవాలి. కొత్త డ్రైవర్ వచ్చాకే జబ్బు మొదలైతే డివైస్ మేనేజర్‌లో రోల్ బ్యాక్ చేయాలి. డ్రైవర్లన్నీ తామే వెదికి పెడతామనే ఉచిత ప్రోగ్రామ్‌ల జోలికి పోకపోవడమే మంచిది.

విండోస్ లేవకముందే ల్యాప్‌టాప్‌ను మొదలుపెట్టే మూల ప్రోగ్రామ్ బయోస్. దాని అప్‌డేట్‌ను చాలామంది పట్టించుకోరు. ఉదాహరణకు ఏఎండీ సంస్థ రైజెన్ ప్రాసెసర్లున్న కొన్ని కంప్యూటర్లు విండోస్‌లో ఉన్నట్టుండి ఒక క్షణం ఆగి తడబడడానికి ప్రాసెసర్‌లోని ఎఫ్‌టీపీఎం అనే భద్రతా ఏర్పాటు కారణమని ఏఎండీ 2022లో ప్రకటించి, బయోస్ అప్‌డేట్ ద్వారానే దాన్ని సరిచేసింది. ఎన్ని ఫార్మాట్లు కొట్టినా అది పోయేది కాదు. బయోస్ మార్చేటప్పుడు చార్జర్ పెట్టి ఉంచాలి, కరెంటు పోయే వేళలో ఆ పని పెట్టుకోకూడదు. ఒక్కొక్క మార్పు చేశాక రెండు మూడు రోజులు చూసి, ఆ తరువాతే రెండవది చేయాలి. అన్నీ ఒక్క పూటలో చేస్తే దేనివల్ల నయమైందో తెలియదు.

ఇంకా సందేహం మిగిలితే, విండోస్‌కు బదులుగా వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటును పెన్‌డ్రైవ్ మీదికి ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండా దాని మీదనే ల్యాప్‌టాప్‌ను రెండు మూడు గంటలు నడపవచ్చు. అందులోనూ బిగుసుకుంటే విండోస్‌ను నిందించి లాభం లేదు, అది హార్డ్‌వేర్. అందులో చక్కగా నడిచి విండోస్‌లోనే ఆగుతుంటే, బ్యాకప్ చూసుకుని రీసెట్ గాని ఫార్మాట్ గాని చేయడానికి అప్పుడు అర్థం ఉంటుంది.

హార్డ్‌వేర్ అని తేలి సర్వీస్ సెంటర్‌కు ఇవ్వవలసి వస్తే, మీరు రాసుకున్న కాగితాన్నీ, ఈవెంట్ వ్యూయర్ ఫొటోలనూ వాళ్లకు ఇవ్వండి. హ్యాంగ్ అవుతోందని చెప్పడం కంటే, బ్యాటరీ మీద కాక చార్జర్ మీద ఉన్నప్పుడే అవుతోందని చెప్పడం వాళ్లకు గంట పని తగ్గిస్తుంది. తీసిన పాత డిస్క్‌ను తిరిగి ఇవ్వమని అడగండి. మీ అనుమతి లేకుండా ఫార్మాట్ చేయరాదని మాత్రం నోటితో చెప్పి ఊరుకోకుండా రశీదు మీదే రాయించుకోండి.