పట్టణంలో ఉమ్మడి కూరగాయల తోట: డెల్టా ఊళ్లలో నడిపే పద్ధతి

రాజమహేంద్రవరం నుంచి భీమవరం దాకా మన గోదావరి డెల్టా పట్టణాల్లో ఇళ్ల మధ్య ఖాళీగా పడి ఉన్న స్థలాలు చాలా కనిపిస్తాయి. అలాంటి స్థలంలో పదిమందీ కలిసి లాభాపేక్ష లేకుండా తోట వేయాలనుకుంటే, విత్తనాలు కొనకముందే పంట ఎవరికి చెందుతుందో తేల్చుకోవాలి. మా తోటలో మొదటి ఏడాది వచ్చిన మనస్పర్థలన్నీ ఈ మాట ముందుగా అనుకోకపోవడం వల్ల వచ్చినవే. పొద్దున నీళ్లు పెట్టినవారు లేత వంకాయలు కోసుకువెళ్తే, సాయంత్రం కలుపు తీసినవారికి పుచ్చు కాయలే మిగిలేవి. ఎవరూ తప్పు చేయలేదు, ఎవరికీ నియమం తెలియదు, అంతే. తరువాత గేటు దగ్గర ఒక కాటా, ఒక పుస్తకం పెట్టాం. కోసిన ప్రతి కాయా తూకం వేసి రాసిన తరువాతే బయటికి వెళ్లాలి. మూడో వంతు పనిచేసినవారికి, మూడో వంతు దగ్గర్లోని అంగన్‌వాడీకి, మిగిలినది అమ్మి ఖర్చులకు అని నిర్ణయించుకున్నాం. మీ వాటాలు వేరుగా ఉండవచ్చు కానీ, అవి నియమావళిలో రాసి ఉండాలి.

తోట నడిపే సంఘాన్ని ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద నమోదు చేయించవచ్చు. దానికి కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. సొసైటీ తన మిగులును సభ్యులకు లాభంగా పంచకూడదు. పంచుకోవాలన్న ఉద్దేశం ఉన్నవారు 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం దారి చూసుకోవడం మంచిది. విరాళాలు తీసుకునేటట్లయితే, సంఘం ఆదాయానికి పన్ను మినహాయింపు కోసం 12ఎ, దాతకు పన్ను రాయితీ కోసం 80జి అని అందరూ పిలిచే ఆదాయపు పన్ను నమోదులు అవసరమవుతాయి. రెండు వేల రూపాయలు దాటిన నగదు విరాళానికి దాతకు పన్ను రాయితీ రాదు కనుక, పెద్ద మొత్తాలు బ్యాంకు ద్వారానే తీసుకోవాలి. స్థలానికి నోటిమాట చాలదు. కౌలు పత్రం తప్పనిసరిగా రిజిస్టరు కావాలి. నేల బాగుపడడానికే రెండు మూడేళ్లు పడుతుంది కాబట్టి, అంతకంటే తక్కువ గడువుకు ఒప్పుకోవద్దని నా సలహా.

ఇక అసలు కష్టం నీటితోనే. మన నల్లరేగడి బంకమన్ను ఎండాకాలంలో నెర్రెలు విచ్చుతుంది, వానాకాలంలో నీటిని వదలదు. అందుచేత మడులు గీయకముందే ఒక పెద్ద వాన కోసం ఆగండి. వాన కురుస్తుండగా గొడుగు వేసుకుని స్థలమంతా తిరిగి, నీరు నిలిచిన ప్రతిచోటా ఒక పుల్ల పాతండి. ఆ పుల్లలే మీ తోటకు పటం. ఎత్తైన చోట అడుగు ఎత్తు, నాలుగడుగుల వెడల్పు మడులు కట్టి, వాటి మధ్య కాలువలను వాలుకు తీయాలి. వంగ, టమాటా, మిరప అక్కడే వేయాలి, ఎందుకంటే మొక్కల మొదళ్ల దగ్గర ఒకటి రెండు రోజులు నీరు నిలిస్తే అవి వడలి చచ్చిపోతాయి. పల్లంలో చేమ, పొన్నగంటి కూర వేస్తే ఆ తడి వాటికి సరిపోతుంది. మడుల నీరు దించే మురుగు కాలువ పెద్ద వానకు ఎదురు తన్నుతుందేమో కూడా అదే రోజు చూసుకోవాలి. వేసవిలో ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చే కాలువలను మరమ్మతులకు కట్టేస్తారు కనుక, బోరు తప్పదు. తీరానికి దగ్గరి ఊళ్లలో బోరు నీరు ఉప్పగా ఉండవచ్చు, వాడకముందు మట్టితోపాటు నీటినీ పరీక్ష చేయించండి. స్థలం ఒకప్పుడు చెత్తకుప్పో, మెకానిక్ షెడ్డో అయితే పైన వేరే మట్టి పోయించే దాకా ఆకుకూరలు వేయకండి.

బంకమన్నును గుల్ల చేయడానికి కోనసీమలో దండిగా దొరికే కొబ్బరి పొట్టు మంచిదే కానీ, పచ్చిది వేయకూడదు. మేము తెలియక వేసిన మడిలో తోటకూర రెండాకుల దశకు వచ్చి, ఆకు కొసలు కాల్చినట్టు మాడిపోయాయి. పొట్టులోని ఉప్పు, టానిన్ అనే వగరు పదార్థం దానికి కారణం. పొట్టును నానబెట్టి, పిడికిట్లో పిండితే కారే నీరు డికాషన్ రంగు పోయి తేటపడే వరకు మళ్లీ మళ్లీ కడగాలి. ఆవు పేడ, మూత్రం, బెల్లం, పప్పుపిండి పులియబెట్టి చేసే జీవామృతం ఎకరానికి రెండు వందల లీటర్ల లెక్కన కలుపుతారు, పది సెంట్ల తోటకు ఇరవై లీటర్లు చాలు.

పందిళ్ల విషయంలో తొందర వద్దు. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 1996 నవంబరు తుపానుకు కోనసీమలో కొబ్బరిచెట్లే కూలిపోయాయి, వెదురు గుంజలు ఏపాటివి! సొర, బీర పందిళ్లు కార్తీకం దాటాక వేసుకోవడమే మేలు.

స్వచ్ఛందంగా వచ్చేవారి మీదే తోటను వదిలేయవద్దు. సంక్రాంతి మూడు రోజులూ నీళ్లు ఎవరు పెడతారో ముందే పేరు రాసి ఉండాలి, లేకపోతే నారు ఎండుతుంది. రోజూ వచ్చే ఒక మనిషికి సరైన కూలి ఇవ్వడం సంఘం మొదటి ఖర్చుగా పెట్టుకోండి. నెలాఖరున కాటా పుస్తకంలోని కిలోలు, అమ్మకం, కూలి, కరెంటు బిల్లు, మిగిలిన రూపాయలు ఒక పలక మీద పెద్ద అక్షరాలతో రాసి, దారిన పోయేవారికి కూడా కనిపించేలా గేటుకు తగిలించండి.