ఐదు నిమిషాల్లో అస్మా కథ చెప్పించాలంటే

ప్రవక్త పుట్టినరోజు జరుపుకునే మిలాద్ నెల వచ్చిందంటే చిత్తూరులో మా వీధి పిల్లలు ప్రసంగాల కోసం మా ఇంటి మీదికొస్తారు. నేను తెలుగు టీచరుగా చేసి రిటైరైనదాన్ని. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు ఉన్న పిల్లలు వీళ్లు. పోయినేడు ఒక పిల్ల చేత హజ్రత్ అస్మా గారి వంశం, బిరుదులు, హిజ్రీ సంవత్సరాలు బట్టీ పట్టించాను. పాపం టెన్షన్‌తో మైకు ముందు మూడో పేరు దగ్గర ఆగిపోయి ఏడ్చేసింది. తప్పు నాదే. ఈసారి మా మనవరాలికి వేరేగా నేర్పించాను.

ముందు ఒక పాత దుపట్టా వెతకండి. అస్మా గారు ప్రవక్త ఆప్తమిత్రుడు అబూబక్ర్ గారి కూతురు, ప్రవక్త భార్య ఆయిషా గారికి అక్క, తల్లులు వేరు. చుట్టరికం ఇంతే చాలు. 622లో ప్రవక్త ముహమ్మద్ (స), అబూబక్ర్ గారు మక్కా విడిచి మదీనాకు బయల్దేరేటప్పుడు తిండి సంచికి, నీళ్ల తిత్తికి కట్టడానికి ఏమీ దొరకలేదు. అస్మా గారు తన నడికట్టునే రెండుగా చింపి కట్టారు. రెండు నడికట్ల ఆవిడ అనే పేరు అలా వచ్చింది. ఈ మాట అంటూ పిల్ల దుపట్టా చింపాలి. ముందే కత్తెరతో అంచున గాటు పెట్టండి, లేకపోతే చచ్చినా చిరగదు. మేం ఆ తంటా పడ్డాం.

తర్వాత గూడు. తండ్రి ఉన్న ఐదారు వేల దిర్హములూ దారిఖర్చుకు తీసుకెళ్లారు. చూపులేని తాత అబూ ఖుహాఫా బెంగపడితే, ఈవిడ డబ్బు పెట్టే గూట్లో రాళ్లు పేర్చి, బట్ట కప్పి, ఆయన చెయ్యి పట్టుకుని దాని మీద పెట్టారు. "అబద్ధం కదా నానీ?" అంది మా పిల్ల. పెద్దాయన మనసు కుదుటపడాలనే చేశానని ఆవిడే తర్వాత చెప్పారు. అది కూడా చేర్చుకోమన్నాను.

ఎక్కువసేపు మదీనా కాపురం దగ్గర ఆగండి. భర్త జుబైర్ గారికి గుర్రం, నీళ్లు మోసే ఒంటె తప్ప ఏమీ లేవు. మేత వేయడం, నీళ్లు తేవడం, తోలు బొక్కెన కుట్టడం, పిండి కలపడం అన్నీ ఈవిడే. రొట్టె కాల్చడం మాత్రం సరిగా రాదు, పక్కింటి అన్సారీ (మదీనా స్థానిక ముస్లిం) ఆడవాళ్లు కాల్చిపెట్టేవారు. మూడు కిలోమీటర్ల పైచిలుకు దూరం నుంచి ఖర్జూర గింజలు నెత్తిన మోసుకొచ్చేవారు. గింజలెందుకని వినేవాళ్లు అనుకుంటారు. మనం ఆవుకు చెనక్కాయ చెక్క పెట్టినట్టు, దంచి ఒంటెకు పెట్టేవారని చెప్పించండి. కొన్నాళ్లకు తండ్రి ఒక పనిమనిషిని పంపితే, గుర్రం చాకిరీ తప్పి నన్ను బానిసత్వం నుంచి విడిపించినట్టయింది అన్నారట.

ముగింపు రెండే వాక్యాలు: 692లో కొడుకు అబ్దుల్లా మక్కాలో ఉమయ్యద్ సేనాని హజ్జాజ్ సైన్యంతో పోరాడి చనిపోవడం, కొద్దిరోజులకే, నూరేళ్ల వయసులో, ఆవిడ వెళ్లిపోవడం. కొడుకు శవాన్ని వేలాడదీసిన సంగతి పదేళ్ల పిల్ల నోట వద్దు.

గడియారం పెట్టి చెప్పిస్తే మా పిల్లకు ఆరున్నర నిమిషాలు పట్టింది. రొట్టెల సంగతి తీసేద్దామన్నాను. "నాకూ రావు కదా, అదెలా తీస్తావ్?" అని మొండికేసింది. చివరికి, ప్రవక్తకు శత్రువైన మక్కా పెద్ద అబూ జహల్ అస్మా గారిని చెంపదెబ్బ కొట్టిన ఘట్టం తీసేశాం.