ఫాల్ సెమిస్టర్‌కి అమెరికాలో చదువుకోడానికి వెళ్తున్నవాళ్ళకి కొన్ని మాటలు

జూలై వచ్చిందంటే మెహదీపట్నంలో మా ఇంటికి ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. వీసా స్టాంపింగ్ అయిపోయి ఉంటుంది, చిలుకూరులో మొక్కుకున్న 108 ప్రదక్షిణలూ అయిపోయి ఉంటాయి. కుక్కర్ మూడు లీటర్లదా ఐదు లీటర్లదా, ఆవకాయ ఎలా ప్యాక్ చేయాలి, ఇవన్నీ అడుగుతారు. లేచి వెళ్ళేముందు మాత్రం గొంతు తగ్గించి ఒక మాట: "అన్నా, నల్లోళ్ళుండే ఏరియాలో రూమ్ తీసుకోవద్దంట కదా?"

కుక్కర్ సంగతి ఎవరైనా చెప్తారు. నేను ఈ ప్రశ్న గురించే రాస్తున్నాను.

రూమ్ చూసేటప్పుడు రాత్రి బస్సు ఎన్నింటిదాకా ఉందో, లైబ్రరీ నుంచి నడిచి రాగలరో లేదో, లీజులో ఏం రాశారో చూడండి. అక్కడి యూనివర్సిటీలు ఏటా క్యాంపస్ నేరాల లెక్కలు బయటపెట్టాలని 1990లోనే చట్టం వచ్చింది. వాట్సాప్ గ్రూపులో సీనియర్ పెట్టిన వాయిస్ మెసేజ్ కన్నా ఆ లెక్కలు నయం. పక్కింటివాళ్ళ రంగు చూసి ఇల్లు వద్దనుకోవడాన్ని జాగ్రత్త అనరు. టోలీచౌకీలో గది వెతుక్కునే ఆఫ్రికా విద్యార్థిని అడగండి, టు-లెట్ బోర్డు ఉన్న ఇల్లు తను గేటు తీయగానే ఎలా నిండిపోతుందో చెప్తాడు.

అన్నట్టు, మాసబ్‌ట్యాంక్ దగ్గర ఏసీ గార్డ్స్ మీదుగా ఎన్నిసార్లు వెళ్ళుంటారు? ఆ ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. నిజాం అశ్వదళంలో పనిచేసిన, ఆఫ్రికా మూలాలున్న సిద్దీల వారసులు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. మన బరాత్‌లలో మోగే మర్ఫా వాయిద్యంతో వాళ్ళ బంధం పాతది. ఆ బస్టాపు పేరు చిన్నప్పటి నుంచి పలుకుతూ, ఈ సంగతి మాత్రం అమెరికా వెళ్ళాక తెలుసుకున్నాను.

మీ సీటు మీ కష్టమే, కాదనను. కానీ చదువయ్యాక అక్కడే ఉండిపోదామనుకునేవాళ్ళు ఒకటి తెలుసుకోవాలి. 1946లో మనవాళ్ళకి ఇచ్చిన వలస కోటా ఏడాదికి 100 మంది. ఆ పద్ధతిని తీసేసిన 1965 చట్టం, నల్లజాతివాళ్ళు దెబ్బలు తిని సాధించుకున్న 1964 పౌరహక్కుల చట్టం వెనకాలే వచ్చింది. ఆ 1964 చట్టంలోనే టైటిల్ సిక్స్ ఉంది. ఫెడరల్ డబ్బు తీసుకునే ఏ యూనివర్సిటీ అయినా జాతి, రంగు, పుట్టిన దేశం చూసి వివక్ష చూపకూడదంటుంది అది. ఇది మీకూ వర్తిస్తుంది. ఫెడరల్ విద్యాశాఖకి ఫిర్యాదు చేయాలంటే మామూలుగా 180 రోజులు గడువు. అందుకే ఏదైనా జరిగిన రోజే తేదీ, టైము, ఎవరున్నారో రాసిపెట్టుకోండి.

అలైషిప్, అంటే వివక్ష ఎదుర్కొనేవాళ్ళ పక్కన నిలబడటం, అనే మాట ఓరియెంటేషన్‌లో వినే ఉంటారు, లేదా ఇకమీదట వినకపోవచ్చు కూడా. మా రోజుల్లో ఏ ఇబ్బంది వచ్చినా డైవర్సిటీ ఆఫీసుకి వెళ్ళమనేవాళ్ళం. మనవాళ్ళు ఎగబడి వెళ్ళే టెక్సాస్‌లో 2024 జనవరి 1 నుంచి ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఆ ఆఫీసులు ఉండకూడదని చట్టం. విద్యార్థి సంఘాలకి మాత్రం ఆ నిషేధం లేదు. బ్లాక్ స్టూడెంట్ యూనియన్ మీటింగ్ అందరూ రావచ్చని పోస్టర్ కనిపిస్తే వెళ్ళి వెనక వరుసలో కూర్చోండి. మొదటిరోజే "మా రిజర్వేషన్ల లాగే" అని అందుకోకండి. అక్కడ అడ్మిషన్లలో జాతి కోటాలని సుప్రీంకోర్టు 1978లోనే కొట్టేసింది. జాతిని ఒక అంశంగా చూసే పద్ధతికి కూడా 2023లో తెర దించింది.

నా సంగతి చెప్తాను. మొదటి సెమిస్టర్ ప్రాజెక్టులో నలుగురం తెలుగువాళ్ళం, ఐదో మనిషి ఒక నల్లజాతి అమ్మాయి. డిస్కషన్ అంతా తెలుగులో చేసేసి, చివర్లో ఆమెకి రెండు ముక్కలు ఇంగ్లీషులో చెప్పేవాళ్ళం. మాకది తప్పని తోచనే లేదు. మూడో వారం ఆమె నెమ్మదిగా అంది: "మీరు నవ్వినప్పుడల్లా నా గురించేనేమో అనుకుంటున్నాను." నిజానికి మేం నవ్వింది క్యాంటీన్ సాంబారు గురించి. ఆ మాట ఆమెకి ఎలా తెలుస్తుంది? ఆ తర్వాత టేబుల్ దగ్గర తెలుగు ఆపేశాం. ఆమె పేరు కూడా అప్పుడే సరిగ్గా పలకడం నేర్చుకున్నాం. మన పేర్లని వాళ్ళు ముక్కలు చేస్తారని ఏడ్చేది మనమే కదా.

టీఏ (టీచింగ్ అసిస్టెంట్) ఉద్యోగం వస్తే ఇంకా జాగ్రత్త. మార్కులు వేసే పెన్ను మీ చేతిలో ఉంటుంది. వీలైతే పేర్లు కనిపించకుండా దిద్దండి.

మీ ఎదుట ఎవరినైనా రంగు పేరుతో అవమానిస్తే ముందు ఫోన్ తీసి వీడియో మొదలెట్టకండి. ఆ మనిషి పక్కకి వెళ్ళి నిలబడి ఏం కావాలో అడగండి. సాక్ష్యం కావాలంటే ఇవ్వండి. "ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నాం, మనకెందుకు గొడవ" అనే టెన్షన్ అబద్ధం కాదు. ర్యాలీలో అరెస్టయితే వీసాకి చుట్టుకోవచ్చు, వెళ్ళేముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో కనుక్కోండి. కానీ చూసింది చూసినట్టు రాసి సంతకం పెట్టడం ర్యాలీ కాదు.

ఇక మన గది లోపలి సంగతి. "ఇంటిపేరేంటి బ్రో?" అని ఎందుకు అడుగుతున్నారో అడిగేవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. బ్రాండైస్ యూనివర్సిటీ 2019లో, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022లో కులాన్ని కూడా తమ వివక్ష నిషేధ నియమాల్లో చేర్చాయి. అక్కడిదాకా వెళ్ళిన గొడవ ఇలాంటి ప్రశ్నలతోనే మొదలవుతుంది. రూమ్‌మేట్ కావాలని పోస్టు పెట్టేటప్పుడు అద్దె ఎంత, వంట వంతులు ఎలా, రాత్రి లైటు ఎప్పుడు ఆపుతారు, ఈ మూడూ రాయండి, సరిపోతుంది.