డెమ్ వేశాం, మెరక పల్లం తారుమారయ్యాయి: ఎక్కడ తేడా కొట్టిందో పట్టుకోవడం ఎలా?

డెమ్ ఫైలు దించుకున్నారు, క్యూజీఐఎస్‌లో (మ్యాపుల సాఫ్ట్‌వేర్) వేశారు, కంటూర్లు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) గీయమంటే గీసింది, చూడ్డానికి బ్రహ్మాండంగా కూడా ఉంది. తీరా సైటుకెళ్లి నిలబడితే మ్యాపులో గుట్ట ఉన్నచోట చదును నేల, వాగు పారాల్సిన చోట ఏమీ లేదు. ఇలాంటప్పుడు చాలామంది సాఫ్ట్‌వేర్ మార్చి చూస్తారు, లేదంటే ఇంకోచోట నుంచి ఇంకో ఫైలు దించుకుంటారు. నేనూ రెండూ చేశాను, రెండుసార్లూ టైమ్ వేస్ట్. డెమ్, అదే డిజిటల్ ఎలివేషన్ మోడల్, గళ్ల కాగితం లాంటిది, ఒక్కో గడిలో ఒక్కో అంకె ఉంటుంది, అంతకుమించి అందులో ఏమీ లేదు. ఆ అంకె దేని ఎత్తు, ఎక్కడి నుంచి కొలిచిన ఎత్తు, ఏ యూనిట్‌లో ఉంది? ఈ మూడింటిలో ఏదో ఒకటి మనం అనుకున్నట్టు లేకపోవడమే చాలా గొడవలకు కారణం.

"జీపీఎస్ ఒక ఎత్తు చెబుతోంది, డెమ్ ఇంకోటి చెబుతోంది"

సైటులో నాలుగైదు చోట్ల జీపీఎస్ ఎత్తు రాసుకొని, అవే చోట్ల ఐడెంటిఫై టూల్‌తో పిక్సెల్ (గడి) మీద నొక్కి డెమ్ ఎత్తు పక్కన రాయండి. జీపీఎస్‌లో 430, 428, 441 ఉంటే డెమ్‌లో 505, 502, 517 వచ్చాయనుకుందాం. తేడాలు 75, 74, 76. అన్నిచోట్లా తేడా దాదాపు ఒకటే ఉందంటే రెండింటిలో ఏదీ తప్పు కాదు, వేరువేరు సున్నాల నుంచి కొలుస్తున్నాయి, అంతే.

జీపీఎస్‌కు సొంతంగా తెలిసింది ఎలిప్సాయిడ్, అంటే లెక్కల కోసం భూమికి తొడిగిన నున్నటి ఆకారం. అందరూ వాడే ఉచిత డెమ్‌లు మాత్రం జియాయిడ్ నుంచి, అంటే సగటు సముద్రమట్టానికి దగ్గరగా ఉండే తలం నుంచి ఎత్తు చెబుతాయి. ఈ రెండింటి మధ్య ఎడం చోటును బట్టి మారుతుంది. కొన్నిచోట్ల జియాయిడ్ 85 మీటర్ల దాకా పైన ఉంటుంది, శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో దాదాపు 106 మీటర్లు కింద ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్ లొకేషన్ ఇచ్చే మామూలు ఎత్తు ఎలిప్సాయిడ్‌దే. కొన్ని యాప్‌లు దాన్ని మార్చి చూపిస్తాయి, కొన్ని మార్చవు, ఏది చేస్తుందో స్క్రీన్ మీద చెప్పవు కూడా.

సరిచేయడం సులువే. ఎలిప్సాయిడ్ ఎత్తులోంచి జియాయిడ్ ఎత్తు (ఎలిప్సాయిడ్‌కు జియాయిడ్ ఎంత పైన ఉందో ఆ అంకె, కింద ఉంటే మైనస్) తీసేస్తే సముద్రమట్టం ఎత్తు వస్తుంది. మీ చోట జియాయిడ్ ఎత్తు మైనస్ 75 అయితే, 430 లోంచి మైనస్ 75 తీసేస్తే 505. మైనస్‌లో మైనస్ ప్లస్ అవుతుందని మర్చిపోయి 355 అని రాసుకున్నవాళ్లను చూశాను. సరిచేశాక తేడా సున్నాకు రాకుండా 150కి పెరిగిందంటే అదే జరిగింది. ఇంకో చాటు గొయ్యి ఉంది: సాఫ్ట్‌వేర్‌తో మార్పిడి చేసేటప్పుడు జియాయిడ్ గ్రిడ్ ఫైలు సిస్టమ్‌లో లేకపోతే కొన్నిసార్లు ఎర్రర్ కూడా రాదు, ఎత్తులు ఉన్నవి ఉన్నట్టే బయటికొస్తాయి. మార్పిడికి ముందు, తర్వాత ఒకే పిక్సెల్ విలువ చూసుకోండి. ఉచిత డెమ్‌లలో ఎస్ఆర్‌టీఎం ఎత్తులు ఈజీఎం96 అనే జియాయిడ్ మీద, కోపర్నికస్ 30 మీటర్ల (గడి వెడల్పు) డెమ్ ఎత్తులు ఈజీఎం2008 మీద ఉంటాయి. ఈ రెండు జియాయిడ్ల మధ్య తేడా చాలాచోట్ల మీటరు లోపే కాబట్టి, పదుల మీటర్ల గొడవకు వాటిని అనుమానించక్కర్లేదు.

"వాలు లెక్క కడితే సైటంతా 89 డిగ్రీలు"

ఫైలు ఇంకా అక్షాంశ రేఖాంశాల్లోనే ఉంది. పిక్సెల్ వెడల్పు డిగ్రీల్లో 0.00028, ఎత్తు మీటర్లలో 500. టూల్ రెండింటినీ ఒకే యూనిట్ అనుకొని, ఇంత ఇరుకు గడిలో ఇంత ఎత్తు ఎక్కాలా అని ప్రతి గడినీ గోడ చేసేసింది. హిల్‌షేడ్ (ఎండ నీడలతో నేల ఎత్తుపల్లాలు చూపే బొమ్మ) కూడా బొగ్గు చల్లినట్టు వస్తుంది. స్కేల్ గడిలో 111120 అని పెట్టే చిట్కా ఒకటుంది, భూమధ్యరేఖ దగ్గర బాగానే పనిచేస్తుంది గానీ, దూరం వెళ్లేకొద్దీ తూర్పు పడమరల్లో డిగ్రీ కుచించుకుపోతుంది కాబట్టి వాలు తప్పుతుంది. ఫైలును మీ చోటికి సరిపోయే యూటీఎం జోన్‌లోకి (డిగ్రీల బదులు మీటర్లలో కొలిచే పద్ధతి, ప్రొజెక్షన్ మార్చడమంటే ఇదే) మార్చి, ఆ తర్వాతే వాలు తీయండి. అలా కాకుండా, వాలు అంతటా సుమారు మూడో వంతుకు తగ్గడమో, మూడు రెట్లు ఎక్కువ రావడమో కనిపిస్తే అడుగులు, మీటర్లు కలిశాయేమో చూడండి (అడుగు అంటే 0.3048 మీటర్లు).

"లేని గుట్ట మ్యాపులోకి ఎక్కడి నుంచి వచ్చింది?"

నన్ను బాగా ఏడిపించింది ఇదే. ఒక సైటులో వాయవ్య మూలన ఎనిమిది, తొమ్మిది మీటర్ల దిబ్బ వచ్చింది. అంచులు నిటారుగా, పైన దాదాపు చదునుగా, ఆకారం చూస్తే ఎవరో స్కేలు పెట్టి కోసినట్టుంది. దాని చుట్టూ తిప్పి డ్రెయిన్ లైను కూడా గీసేశాను. తీరా వెళ్లి చూస్తే అది వరసగా నాటిన చెట్ల తోపు, కింద నేల పక్క పొలంతో సమానం. నేలకు అంత నిటారు అంచు, అంత సరళరేఖ ఉండవని అప్పుడే తట్టాల్సింది.

కారణం చెబుతాను. ఎస్ఆర్‌టీఎం 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ స్పేస్ షటిల్ నుంచి 11 రోజుల్లో తీసిన రాడార్ డేటా. ఆ రాడార్ అల పొడవు 5.6 సెంటీమీటర్లు, అది దట్టమైన ఆకుల్లోంచి నేల దాకా పూర్తిగా దిగదు. కోపర్నికస్ డెమ్‌కు మూలమైన టాన్‌డెమ్-ఎక్స్ రాడార్ అల ఇంకా పొట్టిది, సుమారు 3 సెంటీమీటర్లే. ఆస్టర్, ఆలోస్ డెమ్‌లైతే శాటిలైట్ ఫొటోల జతల నుంచి తయారైనవి, కెమెరాకు పైన ఏది కనిపిస్తే అదే ఎత్తు. కాబట్టి ఇవన్నీ నేల ఎత్తులు కావు, నేల మీద ఉన్నదాని ఎత్తులు. వీటిని డీఎస్ఎం అంటారు. మనకు కావాల్సింది చెట్లు, కట్టడాలు తీసేసిన డీటీఎం.

ఏం చేయాలంటే, డెమ్ మీద శాటిలైట్ ఫొటోను సగం పారదర్శకంగా పరచండి. గుట్ట అంచు చెట్ల అంచుతో కలిసిందా, అయితే అది గుట్ట కాదు. ప్రాథమిక పనికి ఫాబ్‌డెమ్ ఉంది, కోపర్నికస్ డెమ్ నుంచి అడవుల, కట్టడాల ఎత్తు తగ్గించి చేసినది. కాకపోతే దాని ఉచిత లైసెన్సు వ్యాపార పనులకు వర్తించదు, డబ్బులు తీసుకొని చేసే పనైతే ముందు అది చదువుకోండి. లైడార్ (లేజర్‌తో కొలిచిన) డేటా దొరికితే అంతకన్నా కావాల్సిందేముంది, క్లాస్ 2 పాయింట్లు (నేల అని గుర్తించినవి) మాత్రమే తీసుకొని గ్రిడ్ చేయండి. అన్నట్టు తేదీ కూడా చూడండి. టాన్‌డెమ్-ఎక్స్ డేటా ఎక్కువగా 2011 నుంచి 2015 మధ్యది. ఆ తర్వాత తవ్విన క్వారీ, పోసిన మట్టి అందులో ఎలా ఉంటాయి?

"చదును నేల మీద మెట్లు, హిల్‌షేడ్‌లో గీతలు"

ఇవి రెండు వేరు. మెట్లు కనిపిస్తే ఎత్తులు పూర్ణాంకాల్లో ఉన్నాయని అర్థం. ఎస్ఆర్‌టీఎం ఫైలు 412, 413 అంటుంది, 412.6 అనదు, కాబట్టి నెమ్మదిగా దిగే నేల కాస్తా మీటరు మీటరుకో మెట్టయి కూర్చుంటుంది. గీతలు, అల్లిక లాంటి గళ్లు కనిపిస్తే ప్రొజెక్షన్ మార్చేటప్పుడు నియరెస్ట్ నైబర్ పద్ధతి (దగ్గరి గడి అంకెను ఉన్నదున్నట్టు తీసుకునేది) ఉండిపోయింది. ఆ పద్ధతి నేల రకం, పంట రకం లాంటి కోడ్‌లకు మంచిది, ఎత్తుకు కాదు. మళ్లీ అసలు ఫైలు నుంచి మొదలుపెట్టి బైలీనియర్ లేదా క్యూబిక్‌తో (చుట్టూ ఉన్న గళ్ల నుంచి లెక్కకట్టేవి) మార్చండి, అవుట్‌పుట్ రకం ఫ్లోట్32 (దశాంశాలు ఉంచుకునేది) అని ఇవ్వండి. అది మర్చిపోతే బైలీనియర్ కష్టపడి లెక్కకట్టిన దశాంశాలన్నీ మళ్లీ పూర్ణాంకాలైపోతాయి, మీరేమో పద్ధతి మార్చినా ఫలితం రాలేదని టెన్షన్ పడుతుంటారు.

"వాగు రోడ్డు దగ్గర ఆగిపోయింది"

నీరు పల్లమెరుగు అంటారు గానీ డెమ్‌లో నీటికి తూము తెలియదు. రోడ్డు కట్ట ఎత్తుగా ఉంటుంది, దాని కింద కల్వర్టు ఉందని పైనుంచి చూసే డేటాకు తెలిసే దారి లేదు. డ్రోన్, లైడార్ డెమ్‌లలోనే ఈ బాధ ఎక్కువ. 30 మీటర్ల డెమ్‌లో చిన్న రోడ్డు అసలు కనపడదు, వింతగా ఇక్కడ అదే మేలు. చాలామంది ఫిల్ సింక్స్ (సింకులు, అంటే నీరు బయటికి పోలేని గుంటలు, పూడ్చే టూల్) నొక్కేసి ఊరుకుంటారు. అప్పుడు టూల్ కట్ట అంచు దాకా నీళ్లు నింపినట్టు లెక్కవేసి, పెద్ద చదును చెరువు ఒకటి సృష్టించి, ఎక్కడ పొంగితే అటు వాగును మళ్లిస్తుంది. వాగు తిన్నటి సమాంతర గీతలుగా పోతుంటే అది ఫిల్ చేసిన చదును మీద పారుతోందని గుర్తు. ఫిల్ బదులు బ్రీచ్ వాడండి, అది అడ్డాన్ని కోసి దారి ఇస్తుంది. కల్వర్టులు ఎక్కడున్నాయో తెలిస్తే ఇంకా నయం, ఒక్కోదానికి కట్టకు అడ్డంగా చిన్న గీత గీసి, ఆ పిక్సెళ్ల ఎత్తును రెండు పక్కల నేల మట్టానికి దించేయండి. అసలైన గుంటలు, పాత క్వారీల్లాంటివి, సింకులే కాబట్టి వాటిని గుడ్డిగా పూడ్చకండి.

"మైనస్ 32768 అంటోంది", "రెండు టైళ్ల మధ్య గీత"

మైనస్ 32768 అంటే పాతాళం కాదు, అక్కడ డేటా లేదని. రాడార్ నీడ పడిన నిటారు లోయల్లో, నీళ్ల మీద ఇలాంటి ఖాళీలు వస్తాయి. లేయర్‌లో నోడేటా విలువగా దాన్ని ప్రకటిస్తే సరిపోతుంది. ప్రకటించకుండా రీశాంపిల్ చేస్తే (గళ్లను కొత్తగా లెక్కకడితే) మాత్రం ఆ మైనస్ పక్క పిక్సెళ్లలోకి కలిసి మైనస్ 8000 లాంటి విలువలు పుడతాయి, వాటిని ఏ నోడేటా సెట్టింగూ పట్టుకోలేదు. టైళ్ల (డెమ్ ముక్కలుగా వచ్చే ఫైళ్ల) మధ్య గీత విషయానికొస్తే, ముందు మొజాయిక్ చేసి (ఒకే ఫైలుగా అతికించి) ఆ తర్వాత ప్రొజెక్షన్ మార్చండి, వాలు, హిల్‌షేడ్ ఆఖర్న. ఒక్కో టైలుకు విడిగా వాలు తీసి అతికిస్తే అంచు పిక్సెళ్లకు పక్కవాళ్లు ఉండరు కదా, అక్కడే గీత పడుతుంది.

"ఐదెకరాలకు ఒక మీటరు కంటూర్లు కావాలట"

టూల్ ఇస్తుంది. అర మీటరు అడిగినా ఇస్తుంది, వద్దనడం దానికి రాదు. 30 మీటర్ల పిక్సెల్ 900 చదరపు మీటర్లు, ఎకరం 4,047. అంటే ఎకరానికి నాలుగున్నర అంకెలు, ఐదెకరాలకు ఇరవై రెండు. ఆ ఇరవై రెండు అంకెల మధ్య టూల్ గీసిన అందమైన వంపులన్నీ దాని ఊహే.

కచ్చితత్వం సంగతి చూద్దాం. పాత కంటూరు నియమం ప్రకారం పరీక్షించిన పాయింట్లలో 90 శాతం సగం కంటూరు అంతరం లోపల ఉండాలి. కోపర్నికస్ డెమ్‌కు చెప్పే హామీ 90 శాతం చోట్ల 4 మీటర్ల లోపు, అంటే నిజాయితీగా గీయగలిగింది 8 మీటర్ల కంటూర్లు, గుండ్రంగా 10 అనుకోండి. ఎస్ఆర్‌టీఎంకు మొదట పెట్టుకున్న లక్ష్యమే 16 మీటర్లు, వాస్తవంలో అంతకన్నా బాగానే వచ్చిందనుకోండి, అయినా ఒక మీటరు కంటూరుకు పనికిరాదు. పక్కపక్క పాయింట్ల మధ్య తేడా కొంచెం నయం, కోపర్నికస్‌కు 20 శాతం లోపు వాలులో 2 మీటర్లు అంటారు. ఏ పక్కకు దిగుతోంది, ఎంత మేరకు నీళ్లు సైటులోకి వస్తాయి అని చూడ్డానికి అది చాలు.

మట్టి పని లెక్కకు మాత్రం వాడొద్దు. చిన్నచిన్న తప్పులు పైకీ కిందకీ పోయి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి నిజమే, కానీ మొత్తం డెమ్ ఒక పక్కకే అర మీటరు తప్పితే కొట్టేసుకోదు. రెండు హెక్టార్ల సైటుకు అర మీటరు అంటే 10,000 ఘనమీటర్లు, పది ఘనమీటర్ల టిప్పరుకు వెయ్యి ట్రిప్పులు. పరిమాణాలు కావాలంటే టోటల్ స్టేషనో (సర్వే పరికరం), ఆర్‌టీకేనో (ఎక్కువ కచ్చితత్వం ఉన్న జీపీఎస్ సర్వే), డ్రోనో దిగాల్సిందే. డ్రోన్‌కు కూడా ఒక రోగముంది. లెన్స్ లెక్క సరిగా కుదరకపోతే సైటంతా గిన్నెలానో, బోర్లించిన గిన్నెలానో వంగిపోతుంది. నాలుగు మూలలతో పాటు మధ్యలో కూడా కంట్రోల్ పాయింట్లు (నేల మీద కచ్చితంగా కొలిచి పెట్టిన గుర్తులు) పెట్టండి, కొన్ని ఫొటోలు కెమెరా ఏటవాలుగా వంచి తీయండి.

ఏదీ అంతుపట్టకపోతే

చెట్లు లేని గట్టి నేల మీద ఇరవై చోట్ల మట్టాలు తీయించి, డెమ్ ఎత్తులోంచి అవి తీసేసి, ఆ తేడాలను రంగు చుక్కలుగా మ్యాపు మీద పెట్టండి. సగటు కొట్టి వదిలేయకండి, చుక్కల పంపిణీ చూడండి. అంతటా ఒకే తేడా ఉంటే జియాయిడ్, లేదా ఎక్కడి బెంచ్‌మార్క్ తీసుకున్నారన్నది చూసుకోవాలి. తూర్పు వాలులో ప్లస్, పడమర వాలులో మైనస్, చదునులో సున్నా వస్తే ఎత్తులు బాగానే ఉన్నాయి, డెమ్ పక్కకు జరిగింది. సగం పిక్సెల్ జరిగినా ఇలాగే కనిపిస్తుంది, ఫైలులో విలువ గడి మధ్యదా, మూలదా అన్నచోట పొరపాటు పడితే సరిగ్గా ఇంతే జరుగుతుంది. మధ్యలో ఒక గుర్తు, అంచుల్లో ఇంకో గుర్తు ఉంటే డ్రోన్ గిన్నె. ఏ వరసా లేకుండా చల్లినట్టు ఉంటే అది డెమ్ సహజమైన పొల్లు, దానికి మందు లేదు, ఆ చుక్కల్లో పెద్ద తేడా ఎంతుందో చూసి మ్యాపు మూలన రాసి ఇచ్చేయండి.