సైకోథెరపీ ప్రాక్టీసు మానేసే ముందు

గుంటూరులో నాకు సైకోథెరపీ, అంటే మాటలతో చేసే మానసిక చికిత్స, నేర్పిన మేడంగారికి ఉన్నట్టుండి పక్షవాతం వచ్చింది. నాలుగో రోజు తాళంచెవులు పట్టుకుని వెళ్తే, క్లినిక్ మెట్ల మీద ఓ కుర్రాడు కూర్చుని ఉన్నాడు. ఆవిడ రాసుకురమ్మన్న నోట్‌బుక్ ఒళ్లో ఉంది. "ఇవాళ కూడా రారాండీ?" అన్నాడు. ఎవరెవరు వస్తారో ఆవిడకి తప్ప ఎవరికీ తెలియదు. తాళం చూసి ఎంతమంది వెనక్కి వెళ్లిపోయారో!

అందుకే రిటైర్మెంటు ఇంకా పదేళ్లుందనుకున్నా, ఈ పని ముందు చేయండి. నమ్మకమైన తోటి థెరపిస్టు ఒకరికి విషయం చెప్పి ఒప్పించండి. క్లయింట్ల పేర్లు, నంబర్లు రాసి కవరు అంటించి, ఎక్కడ పెట్టారో వారికే చెప్పండి. ఫైళ్ల బీరువా ఇంట్లోవాళ్లు తెరవకూడదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను రోగి హక్కుగా చెప్పింది. ఆ హక్కు మన ఆరోగ్యంతో పాటు పోదు.

మానేయాలనుకున్నాక కనీసం ఆరు నెలల ముందు, ఒక్కొక్కరికీ ఎదురుగా కూర్చుని చెప్పండి, వాట్సాప్‌లో వద్దు. ఆ రోజు నుంచి కొత్తవాళ్లను తీసుకోకండి. చిన్నప్పుడే తల్లినో తండ్రినో పోగొట్టుకున్నవాళ్లకి అందరికంటే ముందు చెప్పాలి, వాళ్లకి ఎక్కువ సమయం కావాలి. కొందరు కోపంతో రావడం మానేస్తారు. ఫోన్ చేసి పిలవండి, ఆ కోపాన్ని కూర్చుని వినండి. "ఎప్పుడైనా ఫోన్ చెయ్యమ్మా" అని మాత్రం అనకండి. జాలితో అనే ఆ మాట వాళ్లని కొత్త థెరపిస్టు దగ్గర కుదురుకోనివ్వదు.

బెజవాడలో హాస్టల్ పిల్లలను చూసేవాళ్లు ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలప్పుడు తలుపు మూయొద్దు. జూలై దాటనివ్వండి.

డబ్బు సంగతి: సొంత ప్రాక్టీసుకి పీఎఫ్ లేదు, గ్రాట్యుటీ లేదు. 60 నిండాక సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో 30 లక్షల దాకా పెట్టుకోవచ్చు, మూడు నెలలకోసారి వడ్డీ వస్తుంది. ఆరోగ్య బీమా బీపీ, షుగర్ రాకముందే తీసుకోండి. చేతిలో డబ్బు లేకే చాలామంది అలసిపోయి కూడా కుర్చీ వదలరు. అలసిన చెవికి ఎదుటివాళ్ల గొంతులో మార్పు అందదు.

క్లినిక్ ఫోన్ నంబరుకి ఏడాదైనా రీఛార్జి ఆపకండి. వాడకం ఆగిన నంబరు ఇంకొకరికి వెళ్తుంది, అర్ధరాత్రి మీకు పెట్టిన మెసేజ్ ముక్కూమొహం తెలియనివాళ్లు చదువుతారు. ఆ నంబరు వాట్సాప్ ప్రొఫైల్లో మీ తర్వాత చూసేవారి పేరుతో పాటు, 24 గంటలూ ఉచితంగా పలికే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 కూడా రాసి ఉంచండి.