పాత ఉత్తరాలు, కొత్త పనిముట్లు – 4వ పాఠం: తేదీ గడి

ఈసారి ఊరిపేర్ల రకరకాల స్పెల్లింగులను ఒక దారికి తేవడం చెప్తానన్నాను. అది వచ్చే పాఠానికి వాయిదా. ఉత్తరానికి ఒక వరుస చొప్పున పట్టిక వేయమని 3వ పాఠంలో చెప్తే నాకొచ్చిన పట్టికల్లో పంపినవారు, అందుకున్నవారు, ఊరు అన్నీ బాగానే ఉన్నాయి, తేదీ గడి మాత్రం అధ్వానం. ఒక పట్టిక ప్రకారమైతే ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ మనుషులు ఆండ్రూ కోగన్, ఫ్రాన్సిస్ డే మద్రాసు తీరంలో దిగిన ఆరు నెలలకు గానీ అక్కడి పాలకుడు దామెర్ల వెంకటాద్రి నాయకుడు కంపెనీకి ఆ చోటు రాసివ్వలేదు. అనుమతి 1639 ఆగస్టుది (జూలై అనేవాళ్ళూ ఉన్నారు), వాళ్ళు దిగింది "20 ఫిబ్రవరి 1639". పట్టిక వేసినవాళ్ళు కాగితం మీద ఉన్నదే దించారు, అంకెల్లో తప్పు లేదు. అయినా కథ తలకిందులైంది.

ముందు ఎక్సెల్ గొడవ తేల్చేద్దాం. ఎక్సెల్‌కు 1900 జనవరి 1 కంటే ముందు కాలం లేదు. 1640 నాటి తేదీ కొడితే దాన్ని తేదీగా తీసుకోదు, ఉత్త అక్షరాల కింద ఉంచేస్తుంది. అందుకే సార్ట్ చేస్తే 02/11/1640 ముందు, 20/02/1640 తర్వాత వచ్చింది, నవంబర్ ఫిబ్రవరిని దాటేసింది. మందు చిన్నదే: సంవత్సరం-నెల-రోజు వరుసలో, నాలుగంకెలు, రెండంకెలు, రెండంకెలు. 1640-03-01. ఇలా రాస్తే అక్షరాలుగా ఉన్నా సరిగ్గానే సార్ట్ అవుతుంది. ఎక్సెల్ లాంటిదే అయిన లిబ్రెఆఫీస్ కాల్క్‌కు పాత తేదీలూ తెలుసు, నేను వాడేది అదే, కానీ అందులో కూడా ఈ నిలువు వరుసను కొట్టడం మొదలుపెట్టకముందే టెక్స్ట్ ఫార్మాట్‌లో పెట్టేస్తాను, నేను అడగకుండా నా తేదీని సర్దిపెట్టే ప్రోగ్రామ్ అంటే నాకు ఒళ్ళు మంట.

ఇక అసలు సంగతి. దీన్ని సాగదీసే చెప్తాను, ఎందుకంటే ఎన్నిసార్లు చెప్పినా "ఫిబ్రవరి ఫిబ్రవరే కదా" అంటారు. ఫిబ్రవరి ఫిబ్రవరే, సంవత్సరమే అది కాదు. ఇంగ్లండులో 1751 దాకా అధికారికంగా సంవత్సరం మారేది మార్చి 25న. మనకు ఉగాదికి మారుతుంది చూడండి, అలాగే. కాబట్టి మచిలీపట్నం ఫ్యాక్టరీలో (అంటే కంపెనీ వర్తక స్థావరంలో) కూర్చున్న ఇంగ్లీషు గుమాస్తా 1639 డిసెంబర్ 31 తర్వాత రోజున 1639 జనవరి 1 అనే వేస్తాడు. అతనికి 1639 ఆగస్టు ముందు, 1639 ఫిబ్రవరి తర్వాత. ఇంకా విడ్డూరం చూడండి: ఒక ఉత్తరం మీద 24 మార్చి 1641, ఇంకోదాని మీద 25 మార్చి 1642 ఉంటే వాటి మధ్య తేడా ఏడాది కాదు, ఒక్క రాత్రి. మీరు ఆ రెంటి మధ్య ఏడాదిపాటు ఉత్తరాలు కనిపించడం లేదని బెంగపడతారు. జనవరి 1 నుంచి మార్చి 24 దాకా ఉన్న ప్రతి ఇంగ్లీషు తేదీనీ అనుమానించాల్సిందే. కొందరు గుమాస్తాలు పుణ్యం కట్టుకుని 1639/40 అని రెండు సంవత్సరాలూ వేస్తారు. అలాంటిచోట, చేతిరాతను చదివిపెట్టే ప్రోగ్రామ్ ట్రాన్స్‌క్రిబస్ ఆ గీతను 1గా చదివే ప్రమాదముంది, ఉత్తరం బొమ్మతో పోల్చి చూడండి.

సంవత్సరం సరిచేశాక రోజుల లెక్క. ఇంగ్లీషువాళ్ళు 1752 సెప్టెంబర్ దాకా పాత జూలియన్ కేలెండర్‌లోనే ఉన్నారు. పోర్చుగీసువాళ్ళు 1582లోనే, హాలండ్ 1582–83లోనే కొత్తదానికి (గ్రెగోరియన్‌కు) మారిపోయారు. మచిలీపట్నంలో డచ్చివాళ్ళు 1605 నుంచీ, ఇంగ్లీషువాళ్ళు 1611 నుంచీ పక్కపక్కనే వ్యాపారం చేశారు, వాళ్ళ కాగితాల్లో మాత్రం ఒకే రోజుకు పది రోజుల తేడా. పాత లెక్క ప్రకారం 1700 ఫిబ్రవరి ముగిసేదాకా పది కలపాలి, ఆ తర్వాత పదకొండు. అంటే మన 20 ఫిబ్రవరి 1639 ముందు 1640 అవుతుంది, దానికి పది కలిపితే మార్చి 1 (1640 లీపు సంవత్సరం, మర్చిపోకండి). పైథాన్ భాషలో ప్రోగ్రామ్ రాసి కలిపేవాళ్ళకు ఒక హెచ్చరిక: 1700 ఫిబ్రవరి 29 జూలియన్‌లో ఉంది, కొత్తదానిలో లేదు, పైథాన్ ఎర్రర్ ఇస్తుంది. ఇచ్చినందుకు సంతోషించండి, నోరు మూసుకుని తప్పు లెక్క చెప్పడం కంటే అది నయం.

సరిచూసుకోవడానికి నా అడ్డదారి వారం. కేలెండర్లు మారినా వారాల వరుస తెగలేదు. మన తేదీ 1640 అయితే గురువారం, 1639 అయితే బుధవారం. కాగితంలో వారం పేరు దొరికితే వాదన అక్కడితో అయిపోతుంది.

మూలంలోని తేదీని మాత్రం దిద్దొద్దు. ఒకరు చక్కగా అన్నీ మార్చేసి అసలువి చెరిపేశారు, ఇప్పుడు ఏవి మార్చారో, ఏవి మార్చలేదో వాళ్ళకే తెలీదు. నాలుగు నిలువు వరుసలు పెట్టండి: మూలంలో ఉన్నది ఉన్నట్టు, ఏ కేలెండర్, మార్చిన తేదీ, ఎందుకు అలా మార్చారు. నాలుగోది బద్ధకంతో వదిలేస్తారని తెలుసు.

చిన్నవి కొన్ని. 7బర్, 8బర్ అంటే జూలై, ఆగస్టు కాదు, సెప్టెంబర్, అక్టోబర్. ఎక్స్‌బర్ డిసెంబర్. డచ్చి కాగితంలో "అల్టిమో జనవరి" అంటే జనవరి ఆఖరి రోజు, ఇంగ్లీషు ఉత్తరంలో "అల్టిమో" అంటే పోయిన నెల. గోల్కొండ ఫర్మానాల్లోని (సుల్తాను ఉత్తర్వుల్లోని) హిజ్రీ, అంటే ఇస్లామిక్ చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులే, కాబట్టి "622 కలిపితే చాలు" అన్న లెక్క నడవదు. మెకంజీ సేకరించిన కైఫీయతుల్లో (ఊళ్ళ చరిత్రల్లో) ఉత్త "ప్రమాథి" అని ఉంటే అది 1639–40 కావచ్చు, అటు 1579–80, ఇటు 1699–1700 కూడా కావచ్చు. శకవర్షమో, ఏలిన రాజు పేరో దొరికేదాకా మూడూ రాసి ఉంచండి.

అభ్యాసం: మద్రాసులోని కంపెనీ కోట ఫోర్ట్ సెయింట్ జార్జ్ డైరీ, కన్సల్టేషన్ (కౌన్సిల్ సమావేశాల) పుస్తకాలు 1672 నుంచి ఉన్నాయి, మద్రాసు ప్రభుత్వం గత శతాబ్దం మొదట్లో అచ్చు వేయించింది, స్కాన్లు ఆన్‌లైన్లో దొరుకుతాయి. ఏదో ఒక ఏడాది డిసెంబర్ నుంచి ఏప్రిల్ ఆఖరు దాకా, ఒక్క పద్దు వదలకుండా, నాలుగు నిలువు వరుసల్లో ఎక్కించండి. అచ్చు వేసినవాళ్ళు పేజీ పైన పెట్టిన సంవత్సరాన్ని నమ్మొద్దు, పద్దులో ఉన్నదే తీసుకోండి. వారం పేరున్న ప్రతిచోటా సరిచూడండి. వారం కుదరని వరుసలో మార్చిన తేదీ గడి ఖాళీగా వదిలి, కారణం రాసి పంపండి, ఊహించి నింపింది పంపితే వెనక్కి పంపేస్తాను.