వానలకు ముందు చెన్నై వ్యాన్ కొంటున్నారా? నంబరు, తాళం చూశాకే అడ్వాన్సు ఇవ్వండి

ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో నెల్లూరు, ప్రకాశం జిల్లాలను తాకుతాయి. ఆలోపు బండి ఒకటి చేతికి వస్తే రొయ్యల చెరువులకో, కూరగాయల మార్కెట్‌కో, పెళ్లి కిరాయిలకో తిప్పుకోవచ్చని చాలామంది చెన్నైలో పాత వ్యాన్ల కోసం వెతుకుతారు. జాతీయ రహదారి 16 మీద పొద్దున్నే బయలుదేరితే మధ్యాహ్నానికల్లా బండి చూసి, బేరం ముగించుకుని, రాత్రికి ఇంటికి చేరవచ్చు. ఆ తొందరే కొంప ముంచుతుంది. నంబరు సరిపోలని బండి గాని, తాళం నమ్మలేని బండి గాని రాష్ట్ర సరిహద్దులోని తడ దాటి ఇటు వచ్చిందంటే ఇక ఆ భారమంతా కొన్నవారిదే. అమ్మినవారు ఫోను ఎత్తడం మానేస్తే ఎవరిని అడగాలి? ఛాసిస్ (బండి చట్రం) నంబరు, ఇంజిన్ నంబరు మీ కళ్లతో చూడకుండా, తాళం మీ చేత్తో తిప్పకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు.

నంబరును ఫొటోలో చూసి సరిపెట్టుకోవద్దు

బండిని మన జిల్లాకు మార్పించుకోవడానికి వెళ్లినప్పుడు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ తప్పక చూసేది ఛాసిస్ మీద కొట్టిన నంబరు. రంగు, సీట్లు, టైర్లు ఎంత బాగున్నా ఆ నంబరు ఆర్‌సీలో ఉన్నదానితో అక్షరం తేడా లేకుండా కలవాలి. ఇప్పటి బండ్లలో ఇది అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు కలిపి 17 ఉంటుంది. మొదటి మూడూ తయారీదారును తెలుపుతాయి. ఎంఏ3 మారుతికి, ఎంఏటీ టాటాకు, ఎంఏ1 మహీంద్రాకు చెందినవి. ఈ 17లో ఐ, ఓ, క్యూ అనే అక్షరాలు ఎక్కడా రావు. ఒకటి, సున్నా అంకెలుగా పొరబడే ప్రమాదం ఉందని వాటిని అసలు వాడరు. కాబట్టి 17 అక్షరాల ఛాసిస్ నంబరులో, ఆర్‌సీ మీద ‘ఓ’ కనిపించిందంటే సున్నాను ఎవరో తప్పుగా ఎక్కించారన్నమాట. బి అక్షరం ఎనిమిదిగా, ఎస్ అయిదుగా మారిన ఆర్‌సీలూ ఉంటాయి. అలాంటి తప్పును బండి నమోదైన తమిళనాడు ఆఫీసులోనే, ఎన్‌వోసీకి (బండిని వేరే రాష్ట్రానికి మార్చడానికి అభ్యంతరం లేదనే పత్రానికి) పెట్టకముందే దిద్దించాలి. ‘అక్కడికి వెళ్లాక సర్దుకుంటుంది’ అని ఏజెంటు అంటే నమ్మకండి.

నంబరు ఎక్కడ కొట్టి ఉంటుందో ఆ బండి యజమాని పుస్తకంలో ఉంటుంది. వెళ్లేటప్పుడు కిరసనాయిలు తడిపిన గుడ్డ, పాత టూత్ బ్రష్, టార్చి లైటు, పలచని తెల్ల కాగితం, మెత్తని పెన్సిల్ వెంట తీసుకెళ్లండి. ముందు మడ్డి తుడవాలి. టార్చి వెలుతురును నేరుగా కాకుండా పక్కవాటుగా వేస్తే కొట్టిన గీతల లోతు తెలుస్తుంది. ఫ్యాక్టరీలో కొట్టిన నంబరులో అక్షరాలు ఒకే ఎత్తులో, ఒకే ఎడంతో, ఒకే లోతుతో ఉంటాయి. ఒక అంకె పక్కకు ఒరిగినా, చుట్టూ రేకు మిగతా చోటి కంటే పలచగా నున్నగా ఉన్నా, నంబరు ఉన్న ముక్క చుట్టూ వెల్డింగ్ గీత కనిపించినా, కింద అంతా తుప్పు ఉండి అక్కడ మాత్రం కొత్త రంగు మెరుస్తున్నా ఆ బేరం వదిలేయండి. ధర ఎంత తగ్గించినా వదిలేయండి. అన్నీ సరిగా ఉంటే కాగితం అతికించి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకోండి. ఆ అచ్చును ఆర్‌సీ పక్కన పెట్టి, ఇద్దరు మనుషులు, ఒకరు చదువుతుంటే ఒకరు చూస్తూ, చివరి నుంచి మొదటికి పోల్చాలి. మొదటి నుంచి చదివితే తెలిసిన నంబరే కదా అని కళ్లు దాటేస్తాయి.

మన తీరంలో ఇంకో చిక్కు ఉంది. రొయ్యలు, చేపలు మోసిన వ్యాన్లలో ఐసు కరిగిన ఉప్పునీరు రోజూ కిందికి కారుతుంది. అది ఛాసిస్‌ను నెమ్మదిగా తినేస్తుంది, దానితో పాటు నంబరునూ తింటుంది. తుప్పు పొరలు లేచిన చోట గ్రైండర్ గాని, వైర్ బ్రష్ గాని పెట్టనివ్వకండి. తుప్పుతో పాటు అంకెలూ పోతాయి. నంబరు చెరిపినట్టు కనిపించే బండి మీద దొంగబండి అనే అనుమానం రావడం సహజం. అరిగిపోయిన నంబరును సొంతంగా మళ్లీ కొట్టించడం అంతకంటే పెద్ద తప్పు. రవాణా శాఖ అధికారికి రాతపూర్వకంగా చెప్పి, అనుమతి వచ్చాకే ఏదైనా చేయాలి. ఇప్పటికే ఇలాంటి బండి ఉన్నవారు వానలకు ముందు నంబరున్న చోట శుభ్రంగా తుడిచి, పలచగా గ్రీజు రాసి ఉంచితే చాలు.

ఇంజిన్ నంబరుది వేరే సమస్య. పాత వ్యాన్లలో ఇంజిన్ పాడైతే వేరే బండి ఇంజిన్ దింపి ఎక్కిస్తారు. ఆ మార్పు ఆర్‌సీలో చేరకపోతే బండి ఎంత బాగా నడిచినా కాగితాల మీద చెల్లదు. గ్యాసు కిట్టు పెట్టించినా అంతే, ఇంధనం వివరం ఆర్‌సీలో ఉండాలి. మారుతి ఓమ్నిలో ఇంజిన్ ముందు సీట్ల కింద ఉంటుంది కాబట్టి సీటు ఎత్తి చూపించమని అడగండి. మొహమాటపడవద్దు.

కాగితాలు

అసలు ఆర్‌సీ, ఫారం 28 మీద ఎన్‌వోసీ, యాజమాన్య మార్పునకు ఫారం 29, ఫారం 30, ఇక్కడ కొత్త నంబరు కోసం ఫారం 27. ఫైనాన్సు మీద కొన్న బండి అయితే అప్పు తీరినట్టు ఫారం 35, ఫైనాన్సు సంస్థ లేఖ. చలానాలు మిగిలాయేమో ఎం పరివాహన్ యాప్‌లో చూడవచ్చు. చాలామంది ఒక మాట పట్టుకుని మోసపోతారు: ‘ఏడాది దాకా తమిళనాడు నంబరుతో తిప్పుకోవచ్చు’ అని. మోటారు వాహనాల చట్టం 1988లోని 47వ సెక్షను చెప్పే 12 నెలల గడువు కొత్త నంబరు వేయించుకోవడానికి. కొన్న బండిని మీ పేరు మీదకు మార్చుకోవడానికి 50వ సెక్షను 30 రోజులే ఇస్తుంది. బీమా బదిలీకి గడువు 14 రోజులే. పేరు మారకముందు వానలో ప్రమాదం జరిగితే ఏమవుతుందో ఒక్కసారి ఊహించుకోండి.

విదేశం నుంచి వచ్చిన పాత వ్యాన్ అని ఎవరైనా చెబితే ఇంకా జాగ్రత్త అవసరం. జపాన్‌లో అక్కడి వాడకానికి చేసిన బండ్లకు 17 అక్షరాల నంబరు ఉండదు, పొట్టి ఫ్రేమ్ నంబరు ఉంటుంది. బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి సరుకు వివరాలతో కస్టమ్స్‌కు ఇచ్చే పత్రం) మీద, కస్టమ్స్ క్లియరెన్స్ పత్రం మీద అదే నంబరు ఉండాలి. వాడిన వాహనాల దిగుమతికి నిబంధనలు కఠినం: తయారై మూడేళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి, ముంబయి రేవు ద్వారానే రావాలి. పదేళ్ల నాటి వ్యాన్ కృష్ణపట్నం రేవులో దిగిందని చెప్పేవారితో మాట పొడిగించకండి.

తాళం తిప్పి చూసేటప్పుడు

మీరు వస్తున్నారని తెలిసి అమ్మేవారు ముందే బండిని వేడిచేసి ఉంచుతారు. చల్లగా ఉన్న బండే చూడాలి. ఇంజిన్ మీద చేయి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే టీ తాగి వస్తామని చెప్పి, చల్లారాక మీరే తాళం తిప్పండి.

తాళం తిరగకుండా బిగుసుకుంటే స్టీరింగ్ లాక్ పట్టి ఉండవచ్చు. స్టీరింగ్‌ను కొద్దిగా అటూ ఇటూ కదుపుతూ తిప్పాలి. హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టండి. లైట్లు ఆరిపోయేంతగా మందగిస్తే బ్యాటరీనో, దాని టెర్మినళ్లనో అనుమానించాలి. లైట్లు అలాగే వెలుగుతూ టక్కుమని శబ్దం మాత్రమే వస్తే లోపం సెల్ఫ్ మోటారులోనో, తాళం స్విచ్‌లోనో ఉంటుంది. సెల్ఫ్ చురుగ్గా తిరుగుతున్నా ఇంజిన్ అందుకోకపోతే, లేదా అందుకుని రెండు క్షణాల్లో ఆగిపోతే డ్యాష్‌బోర్డు మీద తాళం బొమ్మ లైటు మిణుకుమిణుకుమంటోందేమో చూడండి. తాళం చెవిలోని చిప్‌ను బండి గుర్తించడం లేదని దాని అర్థం. వేరే బండి కంప్యూటర్ బిగించినా, బజారులో చిప్ లేని నకలు చెవి చేయించినా ఇలాగే అవుతుంది. తోసినా అలాంటి బండి స్టార్ట్ కాదు. రెండు అసలు చెవులూ అడిగి, రెండింటితోనూ స్టార్ట్ చేసి చూడండి. ఒక్కటే ఉందంటే ఆ ఖర్చు బేరంలోనే తేల్చుకోవాలి. స్టీరింగ్ కింద తాళం వైర్లు కోసి మెలిపెట్టి టేపు చుట్టి ఉంటే మాత్రం బేరమే వద్దు.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటకముందు చెన్నైని ముంచెత్తింది. 2015 డిసెంబరు వరదలూ తెలిసినవే. నీట మునిగిన బండ్లు కడిగి, తుడిచి, సుగంధం చల్లి అమ్మకానికి వస్తాయి. సీటు బెల్టును చివరి దాకా లాగి చూడండి. పైన ఎంత శుభ్రం చేసినా లోపల చుట్టుకుని ఉన్న భాగంలో బురద మరక మిగిలిపోతుంది. సీటు పట్టాల సందుల్లో ఇసుక, ఫ్యూజుల పెట్టెలో పచ్చని తుప్పు కూడా మునక గుర్తులే. ఇలాంటి బండి వేసవిలో బాగానే నడుస్తుంది, మొదటి వాయుగుండానికే మొరాయిస్తుంది.

సరైన బండే దొరికిందనుకోండి, వానలకు ముందు బ్యాటరీ టెర్మినళ్లు విప్పి తుడిపించండి. ఇంజిన్‌కు, బాడీకి మధ్య ఉండే ఎర్త్ పట్టీ చూడండి. కొత్తపట్నం, కావలి వైపు ఉప్పుగాలికి అది ముందే తుప్పు పడుతుంది. పాత కార్బురేటర్ ఓమ్ని అయితే ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత లోపలి చెమ్మను పొడిగుడ్డతో తుడిచి, పగులు ఉంటే మార్పించండి. చీకట్లో ఇంజిన్ నడుస్తుండగా ప్లగ్గు వైర్ల వెంట నీలి మెరుపులు కనిపిస్తే ఆ వైర్లు వానకు ఆగవు.

వాగు నీటిలో బండి ఆగిపోతే మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టవద్దు. సిలిండర్లలో నీళ్లుంటే పిస్టన్ వాటిని అదమలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బండిని పొడి చోటికి తోయించి, బ్యాటరీ ఎర్త్ వైరు విప్పి, మెకానిక్ వచ్చి ప్లగ్గులు తీసి చూసేదాకా తాళం తిప్పకండి.